ఈ దినం ఎందుకు పెట్టారు?



మా ఆసుపత్రి ఓ.పి. వరండాలో ఒక నోటీసు బోర్డు ఉంది. ఏడాది పొడుగునా దాని మీద ఏదో ఒక దినం పేరు మారుతూనే ఉంటుంది. జనవరి 30న కుష్ఠు నివారణ దినం, మార్చి 24న క్షయ దినం, ఏప్రిల్ 7న ప్రపంచ ఆరోగ్య దినం, మే 12న నర్సుల దినం, ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలు, అక్టోబరు 16న ఆహార దినం, నవంబరు 14న మధుమేహ దినం, డిసెంబరు 1న ఎయిడ్స్ దినం. ఇవి చాలవన్నట్టు గుడ్ల దినం, పాల దినం, ఐస్‌క్రీం దినం అంటూ ఫోనుల్లో రోజుకొక శుభాకాంక్ష వచ్చి పడుతోంది.

ఒకరోజు ఆ బోర్డు మీద కాగితం మారుస్తున్న మా నర్సింగ్ విద్యార్థిని ఒకమ్మాయి, "ఈ దినాలన్నీ ఎవరు పెడతారు సిస్టర్? ఎందుకు పెడతారు?" అని అడిగింది. మాలో ఎవరమూ వెంటనే సరైన జవాబు చెప్పలేకపోయాము. తరువాత వెతికి తెలుసుకున్న సంగతులు ఈ సంచికలో మీతో పంచుకుంటున్నాము.

ఆ అమ్మాయి ప్రశ్న బైబిలు చదివేవారికి కొత్తది కాదు. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన తరువాత యెహోషువ ఆ నది మధ్యనుండి పన్నెండు రాళ్లు తెప్పించి గిల్గాలులో నిలబెట్టించాడు. ముందు ముందు పిల్లలు ఆ రాళ్ల సంగతి అడిగినప్పుడు దేవుడు చేసిన మేలును పెద్దలు వారికి చెప్పాలన్నదే దాని ఉద్దేశం. కథ చెప్పేవారు లేకపోతే అవి వట్టి రాళ్లే. క్యాలెండరులోని దినాల సంగతీ అంతే.

తల్లుల దినం వెనుక ఒక తల్లి

మే నెల రెండో ఆదివారం మన సంఘాలు చాలావాటిలో మదర్స్ డే ఆరాధన జరుగుతుంది. తల్లులకు పువ్వులిస్తాము, పిల్లలు పాటలు పాడతారు. ఈ దినానికి మూలం పువ్వుల్లో లేదు, పారిశుద్ధ్యంలో ఉంది.

అమెరికాలో ఇప్పటి వెస్ట్ వర్జీనియా ప్రాంతంలో యాన్ రీవ్స్ జార్విస్ అనే తల్లి ఉండేది. ఆమె కన్న బిడ్డల్లో నలుగురు మాత్రమే పెరిగి పెద్దవారయ్యారు. తట్టు, టైఫాయిడ్, డిఫ్తీరియా వంటి రోగాలు ఆ రోజుల్లో ఇంటింటా పిల్లలను తీసుకుపోయేవి. ఆ దుఃఖంలోనే ఆమె 1858 ప్రాంతంలో చుట్టుపక్కల ఊళ్ల తల్లులను కూడగట్టి పని సంఘాలు ఏర్పాటు చేసింది. వైద్యుడైన ఆమె సోదరుడు సలహాలు ఇచ్చేవాడు. ఆ తల్లులు మందులకు చందాలు పోగుచేశారు, పిల్లలు తాగే పాలను పరీక్షించారు, క్షయతో మంచం పట్టిన తల్లుల ఇళ్లకు సాయానికి మనుషులను పంపారు. కొన్నేళ్లకు అంతర్యుద్ధం వచ్చినప్పుడు రెండు పక్షాల సైనికులకూ ఒకే తీరున సేవ చేశారు.

ఆమె 1905లో చనిపోయింది. కుమార్తె అన్నా జార్విస్ తల్లి జ్ఞాపకార్థం 1908 మే 10న గ్రాఫ్టన్ అనే ఊరిలోని మెథడిస్టు చర్చిలో ఆరాధన ఏర్పాటు చేయించి, అక్కడికి 500 తెల్లని కార్నేషన్ పువ్వులు పంపింది. 1914లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ దానిని దేశమంతటా పాటించే దినంగా ప్రకటించాడు.

ఆ తరువాత జరిగింది విచారకరం. పువ్వుల వ్యాపారులు, కార్డుల కంపెనీలు, మిఠాయి దుకాణాలవారు ఆ దినాన్ని తమది చేసుకున్నారు. దినం కోసం అంత పోరాడిన అన్నా జార్విస్ మిగిలిన జీవితమంతా ఆ వ్యాపారానికి వ్యతిరేకంగా పోరాడింది. చివరకు ఆ దినాన్నే రద్దు చేయమని సంతకాలు సేకరించింది. 1948లో ఆమె ఒక ఆరోగ్యాశ్రమంలో కన్నుమూసింది. తల్లి చేసిన పని మరుగున పడి, పువ్వులు మాత్రం మిగిలాయి.

యుద్ధభూమిలో వేసిన పిండివంట

తిండి పేరు మీద వచ్చే దినాలన్నీ వ్యాపారం కోసమే పుట్టాయనుకోవడం కూడా పొరపాటే. అమెరికాలో జూన్ నెల మొదటి శుక్రవారం డోనట్ దినం. డోనట్ అంటే మధ్యలో చిల్లు ఉండే తియ్యని గారె వంటిది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, ఫ్రాన్సులోని అమెరికా సైనికుల దగ్గరకు సాల్వేషన్ ఆర్మీ సహోదరీలు సేవకు వెళ్లారు. ముసురు, బురద, ఇంటి మీద బెంగ. చేతిలో ఉన్న సరుకు పిండి, చక్కెర, నూనె వంటివి మాత్రమే. అప్పడాల కర్ర లేక సీసాతో పిండి ఒత్తి, ఉన్న మూకుడులోనే కొన్ని కొన్నిగా వేయించి సైనికులకు పంచారు. మొదటి రోజు 150 వరకు చేయగలిగారట.

1938లో అమెరికాలో పనులు లేక జనం కష్టపడుతున్న కాలంలో, షికాగోలోని సాల్వేషన్ ఆర్మీ ఆ సహోదరీల జ్ఞాపకార్థం, బీదల సహాయ నిధి కోసం డోనట్ దినం మొదలుపెట్టింది. గుంటూరు, బాపట్ల ప్రాంతాల పాఠకులకు సాల్వేషన్ ఆర్మీ సేవ గురించి మేము చెప్పనక్కరలేదు. వైద్యులుగా డోనట్ తినమని మేము ఎవరికీ చెప్పము. ఆ దినం వెనుక ఉన్న సేవను మాత్రం గౌరవిస్తాము.

అమ్మకం కోసం వచ్చినవి

మరికొన్నిటి పుట్టుక వేరు. 1984లో అమెరికా అధ్యక్షుడు రీగన్ జూలై నెలను ఐస్‌క్రీం నెలగా, అందులో మూడో ఆదివారాన్ని ఐస్‌క్రీం దినంగా ప్రకటించాడు. దేశంలో పాడి రైతులు తీసే పాలలో దాదాపు పదో వంతు ఐస్‌క్రీముకే పోతుందని, అందువల్ల పాడి పరిశ్రమకు మేలని ఆ ప్రకటనలోనే రాశారు. కోడిగుడ్ల వ్యాపార సంస్థల అంతర్జాతీయ సంఘం 1996లో వియన్నాలో సమావేశమై అక్టోబరు రెండో శుక్రవారాన్ని గుడ్ల దినం చేసింది. గుడ్డు మంచి ఆహారమే. గర్భిణులకు, ఎదిగే పిల్లలకు తినమని మేమే చెబుతాము. అయినా ఒక దినం పేరుతో ఎవరైనా మనల్ని ఏదైనా తినమన్నప్పుడు, చెబుతున్నది ఎవరు, లాభం ఎవరికి అని అడగడం మంచిది.

పేరుకు దినమే గాని ఏ ప్రభుత్వమూ ప్రకటించనివి కూడా ఎన్నో ఉన్నాయి. అమెరికాలో చేజ్ అనే ఇంటిపేరు గల అన్నదమ్ములిద్దరు 1957లో ఏడాదిలోని విశేష దినాలన్నీ చేర్చి ఒక పుస్తకం మొదలుపెట్టారు. ఏటేటా అది లావెక్కుతూ వచ్చింది. ఫలానా దినాన్ని చేర్చమని ఎవరైనా దానికి రాసి పంపవచ్చు. పత్రికలవారు, రేడియోవారు అందులో చూసి చెబుతారు. అలా చెప్పగా చెప్పగా అది నిజంగానే ఒక దినమైపోతుంది.

దీనికి ఎదురుగా నిలిచినది తల్లిపాల వారోత్సవం. 1990 ఆగస్టు 1న ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో పలు దేశాల ప్రతినిధులు తల్లిపాలను కాపాడాలని ఒక ప్రకటన చేశారు. దాని జ్ఞాపకంగా 1992 నుండి ఆగస్టు 1 మొదలు 7 వరకు ఈ వారం జరుగుతోంది. డబ్బాపాల ప్రకటనలు చూసి తల్లులు మోసపోకూడదన్నది దీని వెనుక ఉన్న ఆరాటం. మన దేశంలో కూడా 1992లోనే డబ్బాపాల ప్రచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఈ వారంలో ఎవరూ ఏమీ అమ్మరు. బిడ్డకు అవసరమైనది తల్లి దగ్గరే ఉందని చెప్పడమే దాని పని.

తేదీ ఎలా కుదురుతుంది?

ఆరోగ్య దినాలకు తేదీలు రకరకాలుగా కుదిరాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి 1948 ఏప్రిల్ 7న అమలులోకి వచ్చింది గనుక 1950 నుండి ఆ తేదీ ఆరోగ్య దినమైంది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1945 అక్టోబరు 16న కెనడాలోని క్విబెక్‌లో పుట్టింది గనుక, 1981 నుండి ఆ తేదీన ఆహార దినం జరుగుతోంది.

ఎయిడ్స్ దినం సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాచార విభాగంలో పనిచేస్తున్న జేమ్స్ బన్, థామస్ నెటర్ 1987లో ఈ ఆలోచన చేశారు. అమెరికా ఎన్నికల హడావుడి ముగిసి, క్రిస్మస్ సందడి ఇంకా మొదలవని రోజైతే పత్రికలు, టీవీలు పట్టించుకుంటాయని లెక్కవేసి డిసెంబరు 1 ఎంచుకున్నారు. 1988లో మొదటి ఎయిడ్స్ దినం జరిగింది. రోగి పేరు చెప్పడానికే జనం భయపడిన ఆ రోజుల్లో నలుగురి చెవిన వేయడానికి అలాంటి ఉపాయం కావలసి వచ్చింది.

మన నేల మీద పుట్టిన దినం

ఆగస్టు 20 దోమల దినం. దీనికి మూలం మన సికింద్రాబాదులోనే ఉంది. 1897 ఆగస్టు 20న అక్కడ సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి సూక్ష్మదర్శినిలో చూసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. చెడు గాలి వల్ల వస్తుందని అనుకున్న జ్వరం దోమ వల్ల వస్తుందని రుజువయ్యే దారి తెరుచుకుంది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఈ కథలో ఇంకొక మనిషి ఉన్నాడు. దోమల చేత కుట్టించుకున్న ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు అతనికి ఒక అణా చొప్పున ముట్టింది. బేగంపేటలో రాస్ పేరు మీద సంస్థ ఉంది. హుసేన్ ఖాన్ మాత్రం ఎవరికీ గుర్తులేడు. ఆగస్టు 20న మేము నర్సింగ్ విద్యార్థినులకు ఈ ఇద్దరి పేర్లూ చెబుతున్నాము.

క్షయ, కుష్ఠు

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించాడు. నూరేళ్లు నిండిన 1982లో ఆ తేదీని క్షయ దినంగా పాటించాలన్న ప్రతిపాదన వచ్చింది. క్రిమి తెలిసినా మందు రావడానికి ఇంకా 60 ఏళ్లకు పైగా పట్టింది. ఆ మధ్యకాలంలో రోగులకు విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, ఆదరణ ఇవ్వడమే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు మిషన్లు కలిసి 1915లో తెరచిన క్షయ ఆసుపత్రి అలాంటిదే. డెన్మార్కు నుండి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానిని నడిపించారు.

అదే 1915లో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో స్కాట్లాండ్ నుండి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల కోసం ఆశ్రయం తెరిచారు. ఊరు వెళ్లగొట్టినవారిని పిలిచి అన్నం పెట్టిన చోటు అది. ఆ తరువాత 1954లో ఫ్రాన్సు దేశస్థుడు రౌల్ ఫోలెరో జనవరి చివరి ఆదివారాన్ని కుష్ఠురోగుల దినంగా మొదలుపెట్టాడు. మన దేశంలో గాంధీగారి వర్ధంతి అయిన జనవరి 30న దీనిని జరుపుతాము. సేవాగ్రామ్‌లో పర్చురే శాస్త్రి అనే కుష్ఠురోగి పుండ్లను గాంధీగారు స్వయంగా కడిగి సేవ చేశారు.

నవంబరు 14

మన దేశంలో నవంబరు 14 అంటే నెహ్రూ గారి జన్మదినం, బాలల దినం. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టిన రోజు కూడా అదే. ఆయన 1891లో కెనడాలో పుట్టాడు. 1921లో టొరంటో విశ్వవిద్యాలయంలో ఆయన, చార్లెస్ బెస్ట్ కలిసి పరిశోధన సాగించారు. అంతకుముందు చిన్నపిల్లలకు షుగర్ వస్తే ఒకటి రెండేళ్లకు మించి బతకడం అరుదు. 1922 జనవరిలో 14 ఏళ్ల లెనార్డ్ థామ్సన్ అనే బాలునికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. మొదటి సూది అంతగా పనిచేయలేదు. కోలిప్ అనే శాస్త్రవేత్త మందును మరింత శుద్ధిచేశాక 12 రోజులకు మళ్లీ ఇచ్చారు. చావుకు దగ్గరైన ఆ బాలుడు కోలుకుని ఇంకా 13 ఏళ్లు బతికాడు.

బాంటింగ్, బెస్ట్, కోలిప్ ముగ్గురూ ఆ మందు మీద హక్కును తలా ఒక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. బాంటింగ్ పుట్టి నూరేళ్లయిన 1991లో మధుమేహ దినం మొదలైంది. 2006లో ఐక్యరాజ్య సమితి దానిని గుర్తించింది.

మూడు చీటీలు

ఇంతవరకు ఇతరుల సంగతులు చెప్పాము. ఇప్పుడు మా సంగతి.

ఏటా నవంబరు 14న మేము పక్క గ్రామాల్లో ఉచిత షుగర్ పరీక్షా శిబిరం పెడతాము. బ్యానరు కడతాము, ప్రార్థనతో మొదలుపెడతాము, ఫోటో తీసుకుంటాము. అలాంటి ఒక శిబిరానికి ఒక పెద్దమ్మ కుంటుతూ వచ్చింది. ప్లాస్టిక్ కవరులోనుండి జాగ్రత్తగా మడిచిన మూడు చీటీలు తీసి మా సిస్టర్ చేతిలో పెట్టింది. మూడూ మావే. వరుసగా మూడేళ్ల నవంబరు 14 తేదీలవే. మూడింటిలోనూ షుగర్ ఎక్కువే. మూడింటి కింద "ఆసుపత్రికి రావలెను" అని రాసి ఉంది.

"మరి ఆసుపత్రికి ఎందుకు రాలేదమ్మా?" అని సిస్టర్ అడిగింది.

"అదేంటి సిస్టరమ్మా! మీరు ఏటేటా పిలుస్తున్నారు, నేను ఏటేటా వస్తూనే ఉన్నాను గదా!" అంది ఆమె.

ఆమెకు చదువు రాదు. ఏడాదికొకసారి వేలి మీద సూది గుచ్చి రక్తం చూడడమే వైద్యమనుకుంది. చీటీలో ఏముందో చదివి చెప్పినవారు లేరు. మేమూ చెప్పలేదు, వరుస చాలా పొడుగ్గా ఉంది. ఆ రోజు ఆమె కాలు చూస్తే బొటనవేలి అడుగున పుండు పడి నల్లబడింది. షుగర్ వల్ల స్పర్శ పోయింది గనుక నొప్పి తెలియలేదు. ఆసుపత్రిలో చేర్చుకుని వైద్యం చేశాము. దేవుని దయవల్ల కాలు దక్కింది. వేలు దక్కలేదు.

ఆ సాయంత్రం బ్యానరు విప్పుతున్నప్పుడు మాలో ఎవరికీ మాట రాలేదు. అన్నా జార్విస్ కథలో పువ్వుల వ్యాపారులను తప్పుపట్టడం సులభం. మేము ఏమీ అమ్మలేదు, అయినా ఆ దినాన్ని మా బ్యానరుకే వాడుకున్నాము. రాయి నిలబెట్టాము గాని అడిగినవారికి కథ చెప్పలేదు.

మరుసటి రోజు

అప్పటినుండి మా పద్ధతి మార్చుకున్నాము. శిబిరంలో పరీక్షించే మనుషుల సంఖ్య తగ్గించి, ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి ఫలితం నోటితో చెబుతున్నాము. చీటీ మీద రావలసిన తేదీ, వచ్చి అడగవలసిన సిస్టర్ పేరు రాస్తున్నాము. రోగి ఒప్పుకుంటే, ఆ ఊరి సంఘంలోని స్త్రీల సమాజపు సహోదరి ఒకరికి ఆ తేదీ తెలియజేస్తున్నాము. ఆమె వెళ్లి గుర్తుచేస్తుంది, తోడు కావాలంటే వెంట వస్తుంది. యాన్ జార్విస్ కూడగట్టిన తల్లులు చేసిన పని కూడా ఇలాంటిదే.

పాఠకులు కూడా ఈ క్రింది విషయాలు గుర్తుంచుకుని, ఇంట్లో చదువు రానివారికి చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.

1. పరగడుపున షుగర్ 126 లేదా అంతకు మించి ఉంటే మధుమేహంగా అనుమానించాలి. రెండోసారి పరీక్షతో నిర్ధారించుకోవాలి. శిబిరంలో చేసిన ఒక్క పరీక్షతో ఊరుకోవద్దు.

2. షుగర్ ఉన్నవారు రోజూ పడుకోబోయే ముందు పాదాలు చూసుకోవాలి. చూపు ఆనకపోతే మనవళ్ల చేత చూపించుకోవాలి. చిన్న పుండైనా వెంటనే ఆసుపత్రికి రావాలి.

3. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పోషకాహారం కోసం ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలకు పెంచారు.

4. చర్మం మీద స్పర్శ తెలియని మచ్చ ఉంటే దాచవద్దు. కుష్ఠు పూర్తిగా నయమవుతుంది. మందులు ఉచితం.

5. వారానికొకసారి తొట్లు, కుండీలు, కూలర్లలోని నీళ్లు ఒంపి ఆరబెట్టాలి. చలి జ్వరం వస్తే రక్త పరీక్ష చేయించుకోవాలి.

మీ ఇంటి క్యాలెండరులో ఏదైనా ఆరోగ్య దినం కనబడితే, దాని పక్క గడిలో మీరు చేయవలసిన పని ఒకటి రాసి పెట్టుకోండి. పరీక్షకు వెళ్లవలసిన తేదీ కావచ్చు, మందులు తెచ్చుకోవలసిన రోజు కావచ్చు, ఒంటరిగా ఉన్న ఒక రోగిని పలకరించడం కావచ్చు.

ఆ పెద్దమ్మ ఇప్పుడు ప్రతి నెలా మా ఓ.పి.కి వస్తోంది. చీటీలు అదే ప్లాస్టిక్ కవరులో దాచుకుంటుంది. అయితే ఇప్పుడు ప్రతి చీటీ మీదా తేదీ వేరు. ఆ కవరు చూసినప్పుడల్లా మాకు గిల్గాలు రాళ్లు గుర్తుకొస్తాయి.

ప్రభువు మీకు, మీ కుటుంబాలకు ఆరోగ్యాన్ని, ఒకరినొకరు ఆదుకునే మనసును దయచేయును గాక. ఆమేన్.